పడిపోవు ధర, పడిపోయిన గృహము

2010వ సంవత్సరము జనవరి మాసములో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునుండి నాకొక ఉత్తరము వచ్చినది. వ్రాసినవాడు మా సంఘపు యౌవనస్థుల కూటములో పెరిగిన చిన్నవాడు. కంప్యూటరు ఉద్యోగముమీద ఫీనిక్స్ నగరమునకు వెళ్లి, వివాహమై, ఒక బిడ్డకు తండ్రియై, అద్దె ఇంటిలో కాపురముండెను. “అయ్యగారూ, ఇక్కడ ఇండ్ల ధరలు మూడేండ్లకు పైగా పడిపోవుచున్నవి. బ్యాంకువారు జప్తు చేసిన ఇల్లొకటి చూచితిని. 2006లో పలికిన ధరలో సగమునకే ఇచ్చెదమనుచున్నారు. ఇంకొక సంవత్సరము ఆగినచో ఇంకను దిగునని స్నేహితులు చెప్పుచున్నారు. ఆగవలెనా? కొనవలెనా?” అని అతడు అడిగెను.

ఉత్తరము చివర, ఏదో మరచిపోయి చేర్చినట్లు, మరి నాలుగు పంక్తులు ఉండెను. ఆ ఇంటిలో ఒక కుటుంబము అద్దెకున్నది. నెలనెల అద్దె చెల్లించుచునే యున్నారు. తమ యజమాని బ్యాంకునకు వాయిదాలు కట్టుట మానివేసెనన్న సంగతి, వేలపు తాకీదు తలుపునకు అంటించిన దినమువరకు వారికి తెలియదు. వారి పిల్లలిద్దరు ఆ వీధి చివరనున్న బడికి నడచి పోవుదురు.

అతని ప్రశ్న ఉత్తరపు ఆరంభములో ఉన్నది. అతని మనస్సాక్షి ఉత్తరపు చివరలో ఉన్నది. ఈ రెంటిని కలిపి చదువుటయే నేటి మన పని.

మొదట లెక్క సంగతి చూతము. ఆ దేశములో 2006వ సంవత్సరమువరకు ఇండ్ల ధరలు ఎక్కుచునే యుండెను. ఆదాయమును సరిగా విచారింపకయే అప్పులిచ్చినవారుండిరి. మొదటి రెండు మూడేండ్లు స్వల్ప వడ్డీ, తరువాత హెచ్చు వడ్డీ అను షరతును గ్రహింపకయే సంతకము చేసినవారును ఉండిరి. ఆ అప్పుపత్రములను మూటలు గట్టి లోకమంతట అమ్మిరి. ధర ఎక్కుచున్నంతకాలము ఎవని తప్పును బయటపడలేదు. ధర నిలిచిపోగానే వాయిదాలు ఆగిపోయెను. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అను గొప్ప సంస్థ దివాలా దరఖాస్తు పెట్టెను. 2009 అక్టోబరు నాటికి ఆ దేశపు శ్రామికులలో నూటికి పదిమందికి పని లేకపోయెను. ఇండ్ల ధర దేశమంతట సగటున నాలుగవ వంతునకు మించి పడినది. ఫీనిక్స్, లాస్ వేగాస్ వంటి నగరములలో సగమునకు మించి పడినది.

ఆ పతనమునకు అట్టడుగు ఎప్పుడు? దేశమునకు 2012 ఆరంభమున, ఫీనిక్స్ నగరమునకు 2011 శరత్కాలమున అని నేడు మనము సులభముగా చెప్పగలము. అయితే ఇది వెనుదిరిగి చూచి చెప్పు మాట. 2010 జనవరిలో నిలుచున్నవానికి అది కనబడదు. లోయలో దిగుచున్నవాడు అడుగు ఏదో ఎరుగడు. ఎదుటి గట్టు ఎక్కిన తరువాతనే దానిని దాటివచ్చితినని గ్రహించును. కావున “అట్టడుగున కొనుము” అను సలహా, సలహా వేషము వేసికొనిన సోదె మాత్రమే.

కాని నన్ను కలవరపెట్టినది ఆ సలహా యొక్క అనిశ్చయత కాదు. ధర తనంతట తాను పడదు. ఒక వీధిలో ఒక ఇల్లు జప్తు కాగా, దాని ప్రక్క ఇంటి విలువ తగ్గును. విలువ తగ్గినందున ఆ ప్రక్కవాడు అమ్మి అప్పు తీర్చుకొనలేడు. అతని ఉద్యోగము పోయినచో అతని ఇల్లును జప్తునకు వచ్చును. ఈ విధముగా ధర మెట్టు మెట్టుగా దిగును, ఒక్కొక్క మెట్టుమీద ఒక్కొక్క కుటుంబము సామాను సర్దుకొనుచుండును. అట్టి చోట “ఇంకొంచెము పడనిమ్ము” అని కాచుకొనియున్న మనస్సు, తాను ఎరుగకయే, ఇంకొక పొరుగువాడు పడవలెనని కోరుచున్నది. మనము అట్టి మాటను నోట పలుకము. అయినను ప్రతి ఉదయము పత్రికలో ధరల పట్టిక చూచి సంతోషించుటయందు ఆ కోరిక ఇమిడియున్నది. సామెతలు 20:14లో జ్ఞాని చూపిన కొనుగోలుదారుని మనమందరము ఎరుగుదుము: బేరము నడచునప్పుడు సరకును తూలనాడును, ఇంటికి పోయిన తరువాత తన నేర్పును చెప్పుకొని మురియును.

ఇక్కడ ఒక భేదమును స్పష్టముగా గుర్తింపవలెను. వేచియుండుట అంతయు పాపము కాదు. చేతిలో సొమ్ము చాలలేదనియు, ఉద్యోగము స్థిరము కాలేదనియు, పత్రములు పరిశీలింపవలసియున్నవనియు వేచియుండువాడు వివేకి. అతడు తన్నుగూర్చి వేచియున్నాడు. ధర పడుటకై వేచియుండువాడు మరియొకని పతనమునుగూర్చి వేచియున్నాడు. బయటికి ఇద్దరును ఒకే రీతిగా కనబడుదురు. ఎవడు ఎవడో దేవునికిని, వాని మనస్సాక్షికిని తెలియును.

అట్లయిన జప్తు అయిన ఇంటిని క్రైస్తవుడు ముట్టనే కూడదా? ఒకరి కన్నీటితో తడిసిన గడప మనకెందుకని చెప్పు భక్తులు కలరు. వారి హృదయమును గౌరవింతును గాని, వారి తీర్పును అంగీకరింపలేను. మనము కొనకపోయినంత మాత్రమున ఆ ఇల్లు పోగొట్టుకొనినవానికి తిరిగి దక్కదు. ఖాళీగా నిలిచిన ఇల్లు పొరుగువారికి ఉపద్రవము. ఎడారి నగరమైన ఫీనిక్స్‌లో ఆ ఏండ్లలో వదలివేయబడిన ఇండ్ల వెనుకనున్న ఈత కొలనులు పాచిపట్టి దోమలకు నిలయములాయెను. ఖాళీ ఇండ్ల గోడలలోని రాగి తీగలను దొంగలు లాగికొనిపోయిరి. అట్టి ఇంటిలో దీపము వెలిగించి కాపురము చేయువాడు ఆ వీధికి మేలే చేయుచున్నాడు. ఈ సంగతి గ్రహించియే 2009లో ఫానీ మే అను గృహరుణ సంస్థ, తన చేతికి వచ్చిన ఇండ్లను మొదటి కొన్ని దినములు కాపురముండగోరువారికిని ప్రజాసేవా సంస్థలకును మాత్రమే చూపి, పిమ్మటనే లాభమునకు కొనువారికి చూపు ఏర్పాటు చేసెను. కాపురమునకు కొనుట వేరు, ఇంటికి ఇల్లు కలుపుకొనుట వేరు. ఈ రెండవదానిపైననే యెషయా 5:8లో శ్రమ ప్రకటింపబడినది.

కనుక ప్రశ్న కొనవచ్చునా అనునది కాదు; ఎప్పుడు, ఏ రీతిగా అనునదే. లేఖనములు ఈ విషయములో మౌనముగా లేవు. ద్వితీయోపదేశకాండము 24:10, 11 ప్రకారము అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువును తెచ్చుకొనుటకు అప్పుగొనినవాని ఇంట చొరబడకూడదు, బయట నిలువవలెను, వస్తువును ఆ ఇంటివాడే తెచ్చి ఇయ్యవలెను. అప్పు న్యాయమైనదే కావచ్చును, అయినను గడప అప్పుగొనినవానిది. లేవీయకాండము 25:29, 30 ప్రకారము ప్రాకారముగల పట్టణములో ఇల్లు అమ్మినవానికి దానిని విడిపించుకొనుటకు నిండు సంవత్సరము గడువు కలదు. ఆ గడువు దాటిన తరువాతనే అది కొనినవానికి స్థిరపడును. ఈ హక్కునకు హెబ్రీ భాషలో గెఉల్లా అని పేరు. యోబు 19:25లో మనము విమోచకుడని చదువు మాటయు ఆ ధాతువునుండియే పుట్టినది. ఆ మాటను తెలుగులో పెట్టునప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును: విమోచనము అనగానే మన చెవికి ఆత్మ సంగతియే వినబడును, హెబ్రీయుని చెవికి పొలమును, ఇల్లును కూడ వినబడియుండును.

నేటి చట్టములలోను ఈ హక్కు జాడలు కలవు. మిషిగన్ వంటి రాష్ట్రములలో వేలము జరిగిన తరువాతను కొన్ని మాసములు ఇంటిని విడిపించుకొనవచ్చును. అరిజోనాలో సాధారణ గృహరుణములకు అట్టి అవకాశము లేదు. వేలమునకు ముందు సుమారు మూడు మాసముల తాకీదు మాత్రమే కలదు. మన దేశములో 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 60వ సెక్షను తాకట్టు విడిపించుకొను హక్కును గుర్తించినది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము క్రింద బ్యాంకులు 60 దినముల తాకీదు ఇచ్చి, న్యాయస్థానపు తీర్పు లేకయే తాకట్టు ఆస్తిని అమ్మగలవు. 2016లో చేసిన సవరణవలన వేలపు ప్రకటన వెలువడుటతోనే అప్పుగొనినవాని విడిపించుకొను హక్కు ముగియుచున్నది. మన పత్రికలలో చిన్న అక్షరములతో అచ్చగుచున్న వేలపు ప్రకటనలు చూచి చవుక బేరము వెదకు మన సంఘస్థులు ఈ మాట మరువకూడదు: చట్టము ఇచ్చు గడువు తగ్గినకొలది, కొనువాని మనస్సాక్షి విచారింపవలసినది హెచ్చగును.

ఇప్పుడు పడిపోవు ధరలో ఆస్తి కొనిన ఒక విశ్వాసిని జ్ఞాపకము చేసికొందము. యిర్మీయా 32వ అధ్యాయములో బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. ప్రవక్త చెరసాల ప్రాకారములో ఉన్నాడు. అతని పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని అడిగెను. శత్రువుల చేతిలో పడనున్న దేశములో పొలమునకు విలువ యేమి? లోకము దృష్టిలో అంతకంటె చెడ్డ సమయము లేదు. దేశము బబులోను వశమగునని యిర్మీయాయే ప్రకటించియుండెను. ధర ఇంకను పడునని అతనికంటె ఎక్కువగా ఎరిగినవాడెవడు? అయినను అతడు ఆగలేదు. 17 తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పిలిచి, పత్రము వ్రాసి ముద్రవేసి, బారూకు చేత మట్టికుండలో భద్రపరపించెను. ఆ కొనుగోలునకు ఆధారము అట్టడుగు ధర కాదు; బంధువు విషయములో తనకున్న విమోచన ధర్మమును, ఆ దేశములో మరల ఇండ్లును పొలములును కొనబడునన్న దేవుని వాగ్దానమును దానికి ఆధారము. పడిపోవుచున్నవాని ప్రక్కన నిలుచుటకు అతడు కొనెను.

మనమందరము యిర్మీయాలము కాము. ఆ ఇంటిని పోగొట్టుకొనినవాడు మనకు బంధువును కాడు. అయినను ఆ అధ్యాయము వెలుగులో ఆ చిన్నవానికి నేను మూడు మాటలు వ్రాసితిని. మొదటిది, నీ ఇల్లు నీకు మరియొక జప్తు కాకుండునట్లు చూచుకొనుము. నీవు ఉద్యోగ వీసా మీద ఉన్నావు. ఉద్యోగము పోయినచో దేశమే విడువవలసివచ్చును. కొన్ని మాసముల వాయిదాలకు సరిపడు సొమ్ము చేతిలో లేనిదే సంతకము చేయకుము. రెండవది, ఆ జప్తు న్యాయముగా జరిగెనా అని పత్రములు చూపించి విచారించుము. ఈ మాట వ్రాసిన కొన్ని మాసములకే, ఆ సంవత్సరపు శరత్కాలమున, కొన్ని బ్యాంకుల ఉద్యోగులు జప్తు పత్రములమీద చదువకయే వేలకొలది సంతకములు చేసిరని బయటపడెను. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద బ్యాంకులు కేంద్ర ప్రభుత్వముతోను 49 రాష్ట్రములతోను సుమారు 2,500 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకొనవలసివచ్చెను. మూడవది, ఆ ఇంటిలో ఉన్నవారిని చూడకుండ ఇంటిని చూడకుము. 2009లో చేయబడిన చట్టము ప్రకారము, కొనినవాడు తానే కాపురముండగోరినచో అద్దెవారికి 90 దినముల తాకీదు ఇచ్చిన చాలును. చట్టమునకు చాలినది ప్రేమకు చాలునా అని అడుగుకొనుము.

అతడు ఆ ఇంటివారిని వెళ్లి కలిసెను. 90 దినములనగా ఏప్రిలు మాసము. పిల్లల బడి ముగియునది మే చివర. రిజిస్ట్రేషను జూను మొదటివారమునకు పెట్టుడని అతడు బ్యాంకువారి మధ్యవర్తిని అడిగెను. ఇంతలో వేరొకరు ఎక్కువ ఇచ్చి కొనిపోవచ్చునని మధ్యవర్తి హెచ్చరించెను. ఆ హెచ్చరిక నిజమే. అతడు రెండు మాసములు ఆ భయముతోనే గడిపెను. చివరకు ఇల్లు అతనికే దక్కెను. ఆ కుటుంబము రెండు వీధుల అవతల అద్దె ఇల్లు చూచుకొనిరి. పిల్లలకు బడి మారలేదు. తాళములు తీసికొనిన దినమున పెరటిలోని నారింజ చెట్టు పాదులో తడి ఉండెనట. ఆ ఎండలలో కొద్ది దినములు నీరు పోయనిదే చెట్టు బ్రదుకదు. తమది కాని చెట్టునకు, తాము విడిచిపోవు ఉదయమున వారు నీరు పోసిరి.

ధర మాటయేమందురా? 2011లో అది ఇంకను పడినది. స్నేహితుల లెక్క ప్రకారము అతడు తొందరపడి నష్టపోయెను. ఆ నష్టమును నేను తక్కువచేసి చెప్పను. వాయిదా కట్టువానికి అది నిజమైన సొమ్ము. ఏండ్లు గడచిన తరువాత ధర మరల ఎక్కినది గదా అని ఓదార్చుకొనుటయు నాకిష్టము లేదు. ధర ఎక్కకపోయినను అతడు చేసినది సరియైనదే.

ప్రియ చదువరులారా, కొనదగిన కాలము ధరల పట్టికలో వ్రాయబడియుండదు. నా చేతులు సిద్ధమైనవా, పోగొట్టుకొనినవాని గడువు న్యాయముగా తీరినదా, గడపలో ఉన్నవారి ముఖము చూచితినా అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరికిన దినమే ఆ కాలము.

ఆ ఇంటి పాత యజమానిని అతడు ఎన్నడును చూడలేదు. అయితే చాలకాలము వరకు ఆయన పేరుమీద ఉత్తరములు ఆ ఇంటికి వచ్చుచుండెను. వాటిని తపాలావానికి తిరిగి ఇచ్చుచు, ఆ దినపు కుటుంబ ప్రార్థనలో ఆ పేరును జ్ఞాపకము చేసికొనుచున్నామని అతడు నాకు వ్రాసెను. ఇల్లు తిరిగి ఇయ్యలేనివాడు ఆ ఇంట ఒక పేరునకు చోటు ఉంచెను.