తెలియదు అని రాసే గడి లేదు

మా వైపు పెద్దవాళ్ల కాగితాలు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. చాలామంది జూన్ 1న పుట్టి ఉంటారు. మరి కొందరు జనవరి 1న. జూన్ 1 సంగతి సులువుగానే అర్థమవుతుంది. అవి బడులు తెరిచే రోజులు. పుట్టిన తేదీ తెలియని పిల్లవాడిని తెచ్చి నిలబెడితే, పంతులుగారు మనిషిని చూసి వయసు అంచనా కట్టి, ఆ తేదీ వేసేవారు. జనవరి 1 మాత్రం కంప్యూటర్ వేసింది. ఆధార్ నమోదులో కాగితం చూపలేక వయసు మాత్రమే చెప్పినవాళ్లకు, లెక్క కట్టిన సంవత్సరంలో జనవరి 1 దానంతట అదే పడుతుంది. 2017లో హరిద్వార్ దగ్గర గైండీ ఖాతా అనే ఊళ్లో వందల కుటుంబాల కార్డుల మీద ఇదే తేదీ ఉందని పేపర్లలో వచ్చింది.

నన్ను చాలా రోజులుగా ఒక ప్రశ్న వదలడం లేదు. ఇందులో అబద్ధం చెప్పింది ఎవరు? వయసు చెప్పినవాళ్లు తమకు తెలిసినంతే చెప్పారు. రాసుకున్న అబ్బాయి అడిగిన గడులు నింపాడు. సాఫ్ట్‌వేర్‌కు అబద్ధం అంటే ఏమిటో తెలియదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, అయినా కార్డు మీద ఒక అబద్ధం అచ్చయి ఉంది.

కంప్యూటర్‌కు తేదీ అంటే ఒక అంకె. ఒక మొదటి రోజు నుండి ఎన్ని రోజులు, ఎన్ని సెకన్లు గడిచాయో లెక్క పెట్టుకుంటుంది. చాలా వ్యవస్థల్లో ఆ మొదటి రోజు 1970 జనవరి 1. గడి ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని సున్నాగా తీసుకుంటే, ఏమీ తెలియని మనిషి కూడా 1-1-1970న పుట్టినట్టు చూపిస్తుంది. ఇంకో రకం తప్పు కూడా ఉంది. 1992లో అమెరికాలోని వినోనా అనే ఊళ్లో 104 ఏళ్ల ముసలమ్మకు చిన్నపిల్లల బడిలో చేరమని పిలుపు వచ్చింది. సంవత్సరాన్ని రెండు అంకెలతో 88 అని రాసుకున్నందుకు 1888 కాస్తా 1988 అయిపోయింది. 2000 సంవత్సరం దగ్గర పడేసరికి ఈ రెండంకెల తప్పును సరిచేయడానికి ప్రపంచమంతా లెక్కలేనంత డబ్బు ఖర్చు పెట్టింది. బ్యాంకులు ఆగిపోతాయని భయం. ఒక ముసలామె పింఛను ఆగిపోతే అంత భయం ఎవరికీ ఉండదు.

మా అవ్వకు పుట్టిన తేదీ తెలియదు అంటారు. నేను ఒప్పుకోను. "రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మరుసటేడు, కందులు కోసేటప్పుడు పుట్టిన్నట" అని చెబుతుంది. మన బీదర్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఆ గడబిడ ముగిసింది 1948 సెప్టెంబర్‌లో. అంటే అవ్వ 1949 చివర్లోనో 1950 మొదట్లోనో పుట్టింది. నెల రెండు నెలల తేడాతో సరైన జవాబే కదా ఇది! కానీ ఆ జవాబుకు ఫారంలో చోటు లేదు. కార్డు మీద 01-01-1957 ఉంది. రోజుతో సహా ఖచ్చితంగా ఉంది, ఏడేళ్లు తప్పుగా ఉంది. ఆమె తమ్ముడి కార్డు మీద 1955. కాగితం మీద తమ్ముడు అన్న అయ్యాడు. 65 ఏళ్లు నిండితే ఇచ్చే సంధ్యా సురక్ష పింఛను ఆయనకే ముందు వచ్చింది. "వాన్ని సంకనేసుకొని తిరిగింది నేనే" అని అవ్వ నవ్వుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

మా అన్న దీనికి ఒప్పుకోడు. కంది చేను గుర్తులతో సర్కారు నడవదు, రుజువు లేకపోతే ఎవరైనా ఎంత వయసైనా చెప్తారు అంటాడు. అది నిజమే. సుప్రీంకోర్టు కూడా 2024 అక్టోబర్ 24న ఒక ప్రమాద పరిహారం కేసులో, పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని, బడి వదిలినప్పుడు ఇచ్చే సర్టిఫికెట్‌నే నమ్మాలని చెప్పింది. అయితే మా అవ్వ బడి ముఖం చూడలేదు. చూసిన వాళ్లకేమో జూన్ 1! 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువని చట్టం వచ్చింది, వాళ్లకు ఈ బాధ తప్పుతుంది. అవ్వలాంటి వాళ్లకు ఎప్పుడూ రాయని కాగితం ఇప్పుడు ఎక్కడ నుండి వస్తుంది? ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే వీలు, అదీ రుజువు పత్రంతో.

అంచనా వేయడం తప్పని నేను అనను. అంచనాను అంచనా అని రాయకపోవడం తప్పు. కొన్ని పాత ఆధార్ కార్డుల మీద సంవత్సరం మాత్రమే ఉండేది. నా దృష్టిలో అదే నిజాయితీ గల కార్డు. నమోదు ఫారంలో చెప్పిన తేదీ, రుజువైన తేదీ అని తేడా కూడా పెట్టారు. కానీ కార్డు పట్టుకొని ఇంకో ఆఫీసుకు పోయేసరికి ఆ తేడా ఎవరికీ కనిపించదు.

అంచనా తప్పితే నష్టం ఎవరు మోయాలి అన్నది మన చట్టానికి కొత్త ప్రశ్న కాదు. బాలల న్యాయ చట్టం కింద 2007లో చేసిన నియమాల్లో, కాగితాలు లేని పిల్లవాడి వయసును డాక్టర్లు సరిగ్గా తేల్చలేకపోతే, అవసరమైతే ఒక ఏడాది దాకా తగ్గించి అతనికి మేలు జరిగేలా చూడవచ్చని ఉండేది. అంటే సరిగ్గా తెలియదని చట్టమే ఒప్పుకొని, ఆ సందేహాన్ని బలహీనుడి వైపు వేసింది. పదహారేళ్ల వాడికి వర్తించిన ఈ మాట డెబ్బై దాటిన మనిషికి ఎందుకు వర్తించదో మా అన్న కూడా ఇంతవరకు చెప్పలేదు.