ఒక్క సంఘపు తీర్పు చాలునా?

వ్యాధుల మూలములను జన్యువులయందు వెదకు పరిశోధనలు ఒక్క ఆసుపత్రితో ముగియునవి కావు. వేలకొలది జనుల రక్తము కావలెను. అందులకై పెక్కు సంస్థలు కూడి పనిచేయవలెను. పూర్వము అమెరికాలో సాధారణముగా ప్రతిసంస్థకును చెందిన నీతిపరిశీలక సంఘము ఒకే పత్రమును మరల మరల పరీక్షించుచుండెను. ఒకరు సమ్మతించినదానినే మరియొకరు దిద్దుమనుచుండిరి, కాలము వ్యర్థమగుచుండెను. ఈ జాప్యమును మాన్పుటకై ఆ దేశప్రభుత్వము, తన ధనముతో దేశములో పలుచోట్ల సాగు పరిశోధనలను ఒక్క సంఘమే పరిశీలింపవలెనని 2020 జనవరి నుండి నియమించినది.

రోగుల కాలము విలువైనది గావున ఈ మార్పును నిందింప బనిలేదు. కాని దూరముననున్న ఒకే సంఘము ప్రతిజనసమూహపు మనసును ఎఱుగగలదా?

అరిజోనా రాష్ట్రమున గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయి యను ఆదిమజాతివారు కలరు. వారిలో మధుమేహము ప్రబలియుండగా, 1990 మొదలు అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వారి రక్తమును సేకరించిరి. పిదప ఆ రక్తముననే మనోవ్యాధిని గూర్చియు, ఆ జాతి పూర్వుల వలసలను గూర్చియు శోధనలు జరిగెను. తమ జాతి ఆ లోయయందే పుట్టినదని వారి విశ్వాసము. 2004లో వారు న్యాయస్థానము నాశ్రయించిరి. 2010లో విశ్వవిద్యాలయము ఏడులక్షల డాలర్లిచ్చి, మిగిలిన రక్తమును తిరిగి యప్పగించుటకు ఒప్పుకొనెను.

ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. నాటి విధానము స్థానికపరిశీలనయే. ఐనను వారికి రక్షణ కలుగలేదు. ఏలయన, సామీప్యము క్రోసులతో కొలువబడదు. జన్యువు ఒక్కని సొత్తు కాదు. ఒకడు చేసిన వ్రాలు వాని బంధువులను, కులమునుగూడ బంధించును. కాబట్టి సంఘము లెన్ని యనుటకంటె, అందెవరు కూర్చుందురనునదియే ధర్మప్రశ్న.

చట్టము దీనిని కొంత గుర్తించినది. ఆదిమజాతి ప్రభుత్వపు శాసనము తన పరిశీలనను కోరినచో, ఏకసంఘ నియమ మచ్చట వర్తింపదు. నవాహో జాతివారు 2002లోనే తమ సీమయందు జన్యుపరిశోధనను నిలిపివేసిరి. అయితే శాసనము చేయగల ప్రభుత్వము గలవారికి మాత్రమే ఈ రక్షణ. అట్టిది లేని పేదపేటవారి మాట యెవరు వినవలెను?

పత్రములను పరీక్షించుట కొక్క సంఘమే చాలును. కాని రక్తమిచ్చువారి గొంతు వినబడని సంఘము ఒక్కటైనను నూరైనను సమానమే. "వలదు" అను నధికారమును వారికి ముందుగా నొసగి, పిదప వేగమును గూర్చి తలపవలెను.