స్తోత్రము ముఖస్తుతియా?

పరమేశ్వరుడు పరిపూర్ణుడు. ఆయనకు కొఱత లేదు. కొఱత లేనివానికి మన పొగడ్తతో పనియు లేదు. కావున మందిరమున గూర్చుండి ఆయన మహిమను గొనియాడుట రాజద్వారమున వందిమాగధులు చేయు స్తుతివంటిదని చదువుకొన్నవారు కొందఱు ఆక్షేపించుచుందురు. ఉపాసనమునందు ప్రార్థనకు ముందు ఆరాధనము నుంచుకొన్న బ్రాహ్మసామాజికులము ఈ ప్రశ్నను దాటిపోవుటకు వీలులేదు.

రామమోహనరాయలవారు 1820వ సంవత్సరమున ఏసుక్రీస్తుని నీతిబోధలను అద్భుతకథలనుండి వేఱుచేసి ప్రకటించిరి. నాటినుండి ఆ మహనీయుని మాటలు మన సమాజమునకు పరాయివి కావు. కావున క్రైస్తవభక్తుల యనుభవమునే యెదుట నుంచుకొని విచారింతము.

మాగధుడు బహుమానము గోరి పాడును. అది రాదని తెలిసిననాడు నోరు మెదపడు. ఫిలిప్పీ పట్టణమున పౌలును సీలయు బెత్తములతో గొట్టబడి, చెఱసాల లోపలిగదిలో కాళ్లకు బొండ వేయబడి, నడురేయి దేవుని కీర్తించుచుండగా తోడి ఖైదీలు వినుచుండిరని అపొస్తలుల కార్యములలో నున్నది. పిమ్మట భూకంపము వచ్చి తలుపులు తెఱచుకొనెనట. దానిని నమ్ముటయు మానుటయు చదువరుల యిష్టము. నాకు దానితో నిమిత్తము లేదు. తలుపులు తెఱచుకొనకమునుపే పాట పుట్టినది. ఏ బహుమానమునకై పుట్టినది?

ఆక్షేపకులకు ఇంతమాత్రము చాలును. నన్ను బాధించు ప్రశ్న వేఱొకటి కలదు. పొరుగింటి బిడ్డ విశూచిచే మరణించెను, నా బిడ్డ బ్రదికెను. దేవుడు నాయందు దయయుంచెనని నేను బిగ్గరగా వందనములు చెల్లించితినేని, ఆ మాట గోడ కావల నున్న తల్లి చెవిని బడిన నేమగును? నాయందు దయయుంచెననుటలో ఆమెయందు ఉంచలేదను మాట అణగియున్నది గదా! ఏసు ఈ దోషము నెఱిగినవాడు. లూకా సువార్తయందలి పరిసయ్యుడు దేవాలయమున నిలిచి వరము లేమియు నడుగడు, కృతజ్ఞతయే తెలుపును. తాను ఇతరులవంటి వాడు కానందుకు, దూరముగా నిలిచిన సుంకరివలె లేనందుకు ఆతని వందనము. ఆ వందనముతో ఆతడు నీతిమంతుడుగా ఇల్లు చేరలేదు. సంస్కర్తలమని చెప్పుకొను మనకు ఈ జాతి కృతజ్ఞత మిక్కిలి సులభమని వేఱుగ చెప్పనేల?

సాక్సనీ దేశమందలి ఐలెన్‌బుర్గ్ పట్టణమున మార్టిన్ రింకార్ట్ (1586–1649) అను లూథరుమత బోధకు డుండెను. 1618 మొదలు 1648 వఱకు జర్మనీని పాడుచేసిన ముప్పదేండ్ల యుద్ధకాలమంతయు ఆతడచ్చటనే గడపెను. ప్రాకారముగల పట్టణమగుటచే చుట్టుపట్టుల ప్రజలు ప్రాణభీతితో వచ్చి చేరగా అది క్రిక్కిఱిసెను. 1637లో మహామారి చెలరేగెను. తోడి బోధకులు లేకపోగా శవసంస్కారముల భారము ఆతనిపై బడెను. నాలుగువేలకు పైబడిన మృతులకు ఆతడు అంత్యక్రియలు జరిపెనని చెప్పుదురు. వారిలో ఆతని భార్యయు నొకతె.

నేటికిని జర్మను ప్రజలు పాడుకొను గొప్ప కృతజ్ఞతాకీర్తన ఈతనిదే. బాఖ్, మెండెల్సన్ అను సంగీతవిద్వాంసులు దానిని తమ రచనలలో చేర్చుకొనిరి. అది శవముల నడుమ పుట్టినదని కొందఱు కథగా జెప్పుదురు గాని, నిజమునకు భోజనవేళ ఇంటివారు చెప్పుకొనుటకై వ్రాసిన చిన్న వందనము. నా కీ సంగతియే యెక్కువ నచ్చినది. అన్నము ముందు గూర్చుండి చెప్పిన మాట, పిమ్మట ఆ మనుష్యుని వదలలేదు. పారిపోయి బ్రదికినవాడై దూరమునుండి వందనములు చెల్లించియుండినచో అది గోడకావలి తల్లికి శూలమువంటిదే. ఈతడు ఆమె యింటనే నిలిచి, ఆమె బిడ్డను మట్టిచేసి, తన యింటిదానిని గూడ మట్టిచేసినవాడు. ఆతని స్తోత్రమును ఆమె వినగలదు. కలసి పాడవచ్చును గూడ.

మహామారి వెనువెంట కఱవు వచ్చెను. రింకార్ట్ తన యింట నున్నదానిలో కుటుంబమునకు బొత్తిగా అవసరమైనంత మాత్రము నిలుపుకొని తక్కినది పంచిపెట్టెను. తుదకు తన పిల్లల అన్నవస్త్రములకై రాబోవు సంవత్సరముల రాబడిని తనఖా పెట్టవలసి వచ్చెను.