దయయా? ఋణమా?

మనలో చదువుకొన్నవారు దయను గూర్చి మాటలాడునపుడు దాని నొక యలంకారముగా నెంచుట వాడుకయైనది. కలవాడు లేనివానికి పెట్టునది దయ. బలవంతుడు దుర్బలునియెడ చూపునది దయ. చూపినచో పుణ్యము, చూపకున్నను అడుగువారు లేరు. ఇట్టి తలంపు మన మనస్సులలో వేరూనియున్నది. మూగజంతువుల విషయమున నది మఱింత దృఢము. నొచ్చిన జంతువునకు మనము చేయు నుపకారము దయయా, లేక మనము తీర్పవలసిన ఋణమా? ఈ ప్రశ్నకు మేము చాలకాలము గ్రంథములలో నుత్తరము వెదకితిమి. తుదకది కడప జిల్లాలో పాలకొండల పాదమున నున్న యొక పల్లెయందు, ఏదుముండ్లు గ్రుచ్చుకొని వణకుచున్న గుఱ్ఱముచెంత దొరకినది.

కొన్నియేండ్ల క్రిందట, వేరుసెనగ పెఱికెడి దినములలో, ఒక పొలముతగవు విషయమై గట్లను స్వయముగా చూడదలచి మేమా పల్లెకు పోయి రాత్రి యచ్చటనే యుంటిమి. ఆ యూరి ముసలివా డొకడు పూర్వము కడప రైలుస్టేషను నొద్ద జట్కా తోలి బ్రదికినవాడు. ఆటోలు వచ్చినపిదప బేరములు లేక బండి నమ్మివేసి, గుఱ్ఱమును మాత్రము విడువజాలక, పెండ్లి యూరేగింపులకు బాడుగ కిచ్చుచు కాలము గడుపుచుండెను. ఆ రాత్రి గుఱ్ఱము చేలలో పడకుండునట్లు దాని ముందరికాళ్లకు బందము వేసి, కళ్లము ప్రక్కనున్న చింతచెట్టునకు పొట్టిపలుపుతో కట్టి, అతడు పండుకొనెను. పెఱికిన వేరుసెనగల కుప్ప దాపుననే యుండెను. నడిరేయి దాటినపిదప ఆ కాయలకై గుట్టమీదినుండి ఏదుపంది దిగివచ్చినది.

ఏదుపంది తన ముండ్లను బాణములవలె విసరునని పల్లెలలోనే గాక పట్టణములలోను నమ్మువారు కలరు. అది సత్యము గాదు. ముల్లనగా గట్టిపడిన వెంట్రుకయే. దానిని విసరు శక్తి ఏదునకు లేదు. పగయనుకొన్నది దాపునకు వచ్చినపుడది మొదట ముండ్లు నిక్కించును, తోకమీది బోలుముండ్లను గలగల లాడించును, కాళ్లతో నేలను తన్నును, గుఱుగుఱుమనును. ఇన్నివిధముల హెచ్చరించినను ఎదుటిది తొలగనియెడల, అప్పుడు వెనుకకు తిరిగి వేగముగా వచ్చి తాకును. కట్టులేని గుఱ్ఱమైనచో ఆ గలగల విన్నంతనే పరుగెత్తియుండెడిది. పరుగే గుఱ్ఱమునకు సృష్టియం దమరిన ముఖ్యరక్ష. ఆ రాత్రి దాని కా రక్ష లేదు. మఱియు గుఱ్ఱమునకు కన్నులు తల కిరుప్రక్కల నుండుటచే తన మూతికి సరిగా ముందున్న వస్తువు కనబడదు. ఎఱుగని దానిని మూతి చాచి, వాసన చూచి, మీసములతో తాకి తెలిసికొనును. ఇదియు నట్లే మూతి చాచినది కాబోలు. సకిలింపు విని మేము పరుగెత్తి టార్చిలైటు వేసి చూచునప్పటికి మూతిమీదను, ఱొమ్మునను, ఎడమ ముందరికాలిపైనను కలిపి పందొమ్మిది ముండ్లు దిగియుండెను.

పడుచువారు దుడ్డుకఱ్ఱలు తీసికొని ఏదును చంపుటకు గుట్టవైపు పరుగిడిరి. మేమును మనస్సులో వారి పక్షముననే యుంటిమి. బాధ యొకటి కలిగినచో దానికి ముద్దాయి యొకడుండవలయుననుట మా వృత్తి నేర్పిన యభ్యాసము. అప్పుడా ముసలివాడు గుఱ్ఱము మెడపై చేయి వేసి, మావైపు చూడకయే యిట్లనెను: “దాన్నేమి అనేది సామీ? బందం ఏసింది నేను గదా. బందం లేకుంటే ఇది ఉరికిపోయి ఉండేది.”

ఇరువది యేండ్లు న్యాయస్థానములలో వాదించిన మే మింత చిన్న మాటలో నింత సరియైన తీర్పును వినియుండలేదు. ఏదు తన ప్రాణమును కాచుకొన్నది. గుఱ్ఱము తన స్వభావముచొప్పున మూతి చాచినది. ఆ రెంటి నడుమ పొట్టిపలుపును పెట్టినవాడు మనుష్యుడు.

కాని తప్పు నెఱుగుటతో నుపకారము పూర్తి కాదు. ఆ రాత్రి మేము చూచిన రెండవ సంగతి యేమనగా, తొందరపడు జాలి క్రౌర్యముకంటె మిక్కిలి దూరమున నుండదు. ముల్లు కోసినచో లోని గాలి పోయి వదులగునని చెప్పి యొకడు కత్తెరతో రెండు ముండ్లను కోసెను. అది వట్టి భ్రమ. కోసిన ముల్లు పట్టునకు చిక్కదు; దాని మొదలు చీలి పెళుసై లోపలనే విఱుగును. మఱియొకడు మిగిలినవానిలో నొకదానిని ప్రక్కకు లాగెను; గుఱ్ఱము బెదరి పైకి లేచెను; పలుపు మెడకు బిగిసెను. మేమును జాలితో తల పట్టుకొన్న వారిలో నొకరమే. అందఱమును దయగలవారమే, అందఱమును కలిసి దాని బాధను హెచ్చించితిమి. తుదకు ముసలివాడు అందఱిని దూరముగా పొమ్మని, మొదట కాలిబందమును విప్పి, పలుపును వదలించి, తెల్లవాఱువఱకు దాని ప్రక్కన నిలిచెను. చేసినది మఱేమియు లేదు. మెడమీది చేయి మాత్రము తీయలేదు.

తెల్లవాఱినపిదప పశువైద్యుడు వచ్చెను. మొదట మత్తుసూది వేసి, గుఱ్ఱము తలవాల్చువఱకు వేచియుండెను. తరువాత కన్నులను, ముక్కుపుటములను చూచెను. ఏలయన గుఱ్ఱము నోటితో ఊపిరి పీల్చజాలదు, మూతి వాచి ముక్కు మూసికొనినచో ప్రాణాపాయము. పిదప ఒక్కొక్క ముల్లును చర్మమునకు దాపుగా పట్టకారుతో పట్టి, అది దిగిన దారినే నేరుగా వెనుకకు లాగెను. అమెరికా ఖండపు ఏదుముండ్ల కొనలయందు వెనుకకు వాలిన సన్నని కొక్కెము లుండును. మన దేశపు ఏదుముండ్లకవి లేవు. కావున విఱుగని ముండ్లన్నియు నేరుగా వచ్చెను. కోసిన రెండింటికి మాత్రము మాంసమును గాటుపెట్టి వెదకవలసివచ్చెను. జాలిపడి కత్తెర పట్టినవాడు తల వంచుకొని యుండెను. తీసిన ప్రతి ముల్లుకొనయు నిండుగా నున్నదా యని వైద్యుడు పరీక్షించెను. లోపల తునుక మిగిలినచో అది మాంసములో కదలుచు పోయి కీలులోనికి చేరవచ్చును, చీము పట్టవచ్చును. ఉప్పునీటితో గాయములు కడిగి, ధనుర్వాతము రాకుండ మందు వేసెను. ఆ రోగబీజములు మట్టిలోను లద్దెలోను నుండును. పెంపుడుజంతువులలో గుఱ్ఱమంత సులభముగా ధనుర్వాతమునకు లోబడునది వేఱొకటి లేదు.

గాయములు పదునైదు దినములలో మానెను. వెఱపు మానలేదు. ఎండిన వేరుసెనగకట్టె గలగలమన్నను అది యదరిపడెడిది. మూతిదాపునకు చేయి రానియ్యదు. ఎదుట పెట్టిన నీళ్ల బకెట్టును ముట్టదు. ముసలివాడు దానిని కొట్టలేదు, బలవంతముగా తల వంచలేదు. ప్రతిసాయంకాలము బకెట్టును కొంచెము దూరముగా పెట్టి, తాను ప్రక్కకు, దానికి కనబడునట్లు కూర్చుండెడివాడు. తగవుపనికై మేము మరల పోయినప్పటికి నెలపైన పదిదినము లయ్యెను. నాడు గుఱ్ఱ మాతని యరచేతిలోని యుడికించిన యులవలలో మూతి పెట్టుట కన్నులార చూచితిమి.

ఉపకారమున రెండు భాగములు గలవని మాకప్పుడు తెలిసినది. ముల్లు తీయుట యొకటి. పోయిన నమ్మకమును మరల కలిగించుట యొకటి. మొదటిది యొక్క ఉదయమున నయ్యెను. రెండవదానికి నలువది దినములు పట్టెను. మొదటిదానియందు మన మా జీవమును దాని సమ్మతి లేకయే నొప్పింతుము. నీ మేలునకే నిన్ను నొప్పించుచున్నానను మాట దానికి చెప్పలేము, చెప్పినను తెలియదు. లోకమున ఈ మాటకంటె నపాయకరమైన మాట వేఱొకటి లేదు. సంస్కర్తలమని చెప్పుకొను మనమెల్లరము స్త్రీలవిషయమునను బీదలవిషయమునను దీనిని పలికినవారమే. దానిని పలుకుట కెవ్వనికి హక్కు గలదు? చేయు పని చక్కగా నేర్చినవానికి. నొప్పిని సాధ్యమైనంత కొద్దిచేయువానికి. పని ముగిసినపిదప బకెట్టు ప్రక్క నలువది సాయంకాలములు కూర్చుండ నోపిక గలవానికి. కత్తెర పట్టి పరుగెత్తువానికి లేదు.

ముల్లు తీయువాడు లేనిచో నేమగునో జిమ్ కార్బెట్ 1944లో ప్రకటించిన కుమావూను నరభక్షకుల గ్రంథమునందు చూడవచ్చును. ముక్తేశ్వరము కొండలలో నొక యాడుపులి ఏదుతో పోరి కన్ను పోగొట్టుకొనెను. ఇంచుమించు ఏబది ముండ్లు దాని ముందరికాలిలో దిగి చీము పట్టెను. వేటాడు శక్తి తప్పి, తుదకది మనుష్యులను చంపుటకు మరగెను. తీయబడని ముల్లు దిగినచోటనే నిలిచియుండదు. మనుష్యుల బాధలును అట్టివే.

ఇక నాక్షేపణలను విచారింతము. జంతువు పూర్వజన్మకర్మ ననుభవించుచున్నది, మన మడ్డుపడనేల యని కొందఱందురు. పొట్టిపలుపు పూర్వజన్మమున కట్టబడినది కాదు. ఆ సాయంకాలము కట్టబడినది. కన్నులయెదుట నున్న కారణమును విడిచి కనబడని కారణమును చూపుట తప్పించుకొనుటయే. మనుష్యులే యెండలకు మాడు రాయలసీమలో గుఱ్ఱమున కింత శుశ్రూషయా యని మఱికొందఱందురు. 1876–78 నాటి కరవులో కర్నూలు కడప సీమలు పడిన పాట్లు మన పెద్దలు తరతరములుగా చెప్పుకొన్నవే. కరవెఱిగిన సీమకు తెలిసిన సత్యమొకటి గలదు: బావి యెండినపుడు మనిషికిని పసరమునకును దప్పి యొక్కటే. ఒకరియెడ మొద్దుబాఱిన మనస్సు రెండవవారియెడ మెత్తగా నుండుట మేమెన్నడును చూచియుండలేదు.

అది కృతజ్ఞత చూపదు గదా యనునది మూడవ యాక్షేపణ. ఋణము తీర్చుకొనువాడు ఋణదాత కృతజ్ఞతకై కాచుకొనునా? లెక్క చూతము. ఆ గుఱ్ఱము తన మోకాళ్ల బలముతో నొక కుటుంబమును పోషించినది. ఇది మొదటి పద్దు. మనము దాని పరుగును హరించితిమి, ఇది రెండవది. మూడవది చాలమంది యెఱుగనిది. 1890లో బేరింగు, కితసాటో యను పండితులు ధనుర్వాత విషమునకు విఱుగుడు రక్తద్రవమునం దుండునని కనుగొనిరి; 1894లో పాముకాటునకును అట్టి విఱుగుడు సిద్ధమయ్యెను. గుఱ్ఱములకు విషమును కొద్దికొద్దిగా నెక్కించి, వాని రక్తమునుండి యా మందును తీయు పద్ధతి నాటినుండి వచ్చినది. నేటికిని మన దేశమున నాగుపాము, కట్లపాము, రక్తపింజర కఱచినవారికి ఆసుపత్రిలో నెక్కించు మందు గుఱ్ఱపురక్తమునుండి వచ్చినదే. వేరుసెనగచేలలో పాముకాటు తిని బ్రదికి లేచిన రైతు దేహమున నెన్నడును చూడని గుఱ్ఱమొకటి చేసిన యుపకారము ప్రవహించుచున్నది. ఇట్టి లెక్కలో మనము దాతల మెట్లగుదుము?

చట్టము కొంతదూరము వచ్చినది. 1890లోనే జంతుహింసా నివారణమున కొక శాసన మేర్పడెను. దానికి బదులు వచ్చిన 1960 నాటి చట్టమున 3వ సెక్షను జంతువును తన యధీనమున నుంచుకొన్న ప్రతివానికిని దాని క్షేమమును చూచు బాధ్యతను విధించుచున్నది. 11వ సెక్షను, మితిమీఱిన పొట్టిత్రాటితో తగనంతసేపు కట్టియుంచుటనుకూడ క్రౌర్యములలో చేర్చినది. 2014లో నాగరాజా వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సెక్షనులు జంతువులకు హక్కుల నిచ్చుచున్నవని తీర్పు చెప్పెను. అయినను మొదటి నేరమునకు జరిమానా ఏబది రూపాయలకు మించదు. త్రాడెంత పొట్టిదో కొలుచుటకు రాత్రివేళ కొట్టములోనికి పోలీసు రాడు. అచ్చటికి రాగలిగినది ఋణస్థుని మనస్సొక్కటే.

చదువరులారా, దయ యను మాటను విడువుడని మేము చెప్పుట లేదు. దయను ఋణముగా నెంచినవాడు ఉపకారము చేసి గర్వింపడు, చేయనిచో నిద్రింపడు, అంతియే భేదము. కట్టినచేయియే విప్పవలయును, విప్పినచేయియే మందు రాయవలయును. ఆ ముసలివా డిప్పుడు గుఱ్ఱమునకు బందము వేయుట మానివేసెను. చుట్టును కంపకోట కట్టి దానిని లోపల విడిచియుంచుచున్నాడు. గుట్టమీది ఏదు కళ్లములకు వచ్చుట మానలేదు, దానికిని ఆకలి గలదు గదా. మన యిండ్లలో మన మెవ్వరెవ్వరిని పొట్టిపలుపులతో కట్టి, మేలునకే కట్టితిమని నిద్రించుచున్నామో, నేటిరాత్రి దీపము తీసికొనిపోయి చూతము.