వండిన చేతి వాటా

నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. క్రిందటి వేసవిలో, పూతరేకులకు పేరుపడ్డ ఆత్రేయపురంలో, మా పుట్టింటి వంటగదిలో కూర్చుని నేను యూదుల రొట్టె చేశాను. ఊరంతా నేతి వాసన. మా ఇంట్లో మాత్రం ఈస్టు వాసన. “కల్లు పులిసినట్టుందేమిటే!” అని మా అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈ రొట్టె పిచ్చి మా అమ్మాయి పుణ్యం. అది న్యూజెర్సీలో చదువుకుంటూ ఒక యూదు మామ్మగారి ఇంట్లో మేడమీద అద్దెకుంటోంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ మామ్మగారు పిండి కలుపుతుంటే ఇది పక్కన చేరి నేర్చుకుంది. రొట్టె పేరు హల్లా. మొదటి అక్షరం గొంతులోంచి గీరినట్టు పలకాలిట. మైదా, ఈస్టు, నూనె, పంచదార, ఉప్పు, గుడ్లు. పాలూ వెన్నా తగలనివ్వరు. మాంసాన్నీ పాలనీ కలిపి తినకూడదని వాళ్ళ నియమం. ఏ భోజనంలోకైనా పనికిరావాలి కనుక రొట్టెలో పాలు పొయ్యరు. మా అమ్మ వంటింట్లోకి గుడ్డు రానివ్వదు కనుక నేను అదీ మానేశాను. కోనసీమ ఉక్కకి పిండి గంట తిరక్కుండానే గిన్నె దాటి పొంగింది.

“ఇప్పుడు మూడు పాయలు తీసి జడలా అల్లాలమ్మా” అంది అమ్మాయి ఫోనులో. జడ అల్లడం మనకొకరు నేర్పాలా? పాయలు తియ్యబోతుంటే అది గబుక్కున ఆపింది.

“ఆగాగు! ముందు ఓ చిన్న ముద్ద తుంచి పక్కన పెట్టు.”

“ఎవరికే?”

“ఎవరికీ కాదు. పొయ్యిలో వేసి కాల్చెయ్యడమే.”

నాకు ప్రాణం ఉసూరుమంది. ఎంగిలి మెతుకు కింద పడితేనే తిట్టే కొంపలో పుట్టినదాన్ని. తినే పిండి బుగ్గి చెయ్యడమేమిటి? అయినా చెప్పింది కదా అని వేశాను. తీరా తర్వాత తెలిసింది, ఆ నియమం మాకు వర్తించనే వర్తించదని. మేం యూదులం కాకపోవడం ఒకటి. పిండి దాదాపు కిలోంబావు దాటితే తప్ప ముద్ద తియ్యనక్కర్లేదుట. దీవెన చదవాలంటే ఇంకా ఎక్కువ ఉండాలిట. నేను కలిపింది అరకిలో!

ఆ రాత్రి ఆ ముద్ద సంగతి మనసుని వదల్లేదు. అసలు ‘హల్లా’ అన్నది ఈ రొట్టెకే కాదు, ఆ పక్కన తీసిన ముద్దకీ పేరు. సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో, మీరు పిండి కలిపినప్పుడు తొలి ముద్ద దేవుడికి ఇవ్వండి అని ఆజ్ఞ ఉంది. ఆ ముద్ద అర్చకులకు చేరేది. 70వ సంవత్సరంలో రోమన్లు జెరూసలేము ఆలయాన్ని కూలగొట్టారు. గుడి పోయింది, అర్చకుల కొలువు పోయింది. ముద్ద తియ్యడం మాత్రం పోలేదు. ఇంటింటా ఆడవాళ్ళు ఆలివ్ పండంత, మన నేరేడుపండంత అనుకోండి, తుంచి కాలుస్తూనే ఉన్నారు. పుచ్చుకునేవాడు లేకపోయినా ఇవ్వడం ఆగలేదన్నమాట.

మరో తమాషా. గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి అయిదు ధాన్యాలకే ఈ నియమం. బియ్యానికి లేదని వాళ్ళ పాత ధర్మశాస్త్రం మిష్నా స్పష్టంగా చెబుతుంది. అంటే మా పూతరేకులు వాళ్ళ లెక్కలో ఏ బాకీ లేని పిండివంట!

ఇదంతా ఎక్కడో సముద్రాలవతలి సంగతనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమని బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదులున్నారు. కొన్ని పదుల కుటుంబాలు. వాళ్ళకొక ప్రార్థనా మందిరం కూడా ఉంది. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ళకీ సబ్బాతే. శనివారం పని ముట్టరు. ఇక్కడ మా ఆత్రేయపురం పక్కనే ఉన్న వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్న ఆడవాళ్ళకి మాత్రం శనివారమే రెట్టింపు పని!

వాళ్ళ సంప్రదాయంలో నాకు ముచ్చటేసినవీ ఉన్నాయి, గుచ్చుకున్నవీ ఉన్నాయి. సబ్బాతు బల్లమీద రెండు రొట్టెలు పెడతారు. ఎడారిలో ఆకాశంనుంచి మన్నా కురిసినప్పుడు శుక్రవారం రెండింతలు దొరికిందని గుర్తు. వాటిమీద గుడ్డ కప్పుతారు. ముందు ద్రాక్షసారాయానికి దీవెన చెబుతారు కదా, తనని వెనక్కి నెట్టారని రొట్టె చిన్నబుచ్చుకోకూడదట! రొట్టె మనసు నొప్పించకూడదనుకున్నవాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. అంతలోనే మరోటి తెలిసింది. ఈ ముద్ద తియ్యడం వంటి మూడు విధుల్లో అశ్రద్ధ చేసిన ఆడది పురిట్లో పోతుందని అదే మిష్నాలో ఉంది. మన నోము కథల్లో ఉద్యాపన మరిచిన ఇల్లాలికి పట్టే గతి గుర్తొచ్చింది. ఏ దేశమైనా ఆడదాన్ని బెదిరించకుండా ఇప్పించుకోవడం తెలియదు కాబోలు. బెదిరిస్తే ఇచ్చింది దానమవుతుందా? పన్నవుతుంది గాని.

మరి మనసుతో ఇస్తే చాలదా, ఈ నియమాలెందుకు? నాలుగు రోజుల క్రితం వరకూ నేనూ ఇదే మాట అనేదాన్ని. మా ఇంటి సంగతి తలుచుకున్నాక అంత ధీమాగా అనలేకపోతున్నాను.

మా నాయనమ్మ బియ్యం కొలిచి ఎసట్లో పొయ్యబోయే ముందు ఒక గుప్పెడు తీసి మూలనున్న కుండలో పోసేది. నెల తిరిగేసరికి ఆ కుండ ఎవరికో ఒకరికి చేరేది. నాయనమ్మ పోయాక ఆ కుండ అటకెక్కింది. “ఈ ముష్టి లెక్కలేమిటి, ఎవరైనా వస్తే కడుపునిండా పెడదాం” అన్నారు నాన్నగారు. నిజంగానే పెట్టాం. వేళ కాని వేళ వచ్చిన చుట్టానికీ, గుమ్మంలో నిలబడ్డవాడికీ లేదన్నది లేదు. ఊళ్ళో మా అమ్మని అన్నపూర్ణ అనేవారు. ఆ పేరు విని పిల్లలం మురిసిపోయేవాళ్ళం.

రొట్టె చేసిన మర్నాడు అమ్మని అడిగాను. “ఆ రోజుల్లో అనుకోకుండా ఎవరైనా వస్తే అన్నం ఎలా సరిపోయేదమ్మా?”

అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ తలెత్తకుండా అంది. “సరిపోవడమేమిటే, నాది ఉండేదిగా.”

అంతే. ఫిర్యాదు కాదు, గొప్పా కాదు. ఉప్పు ఎక్కడుందంటే చెప్పినట్టు చెప్పింది. నాన్నగారు పెట్టారు, మేం మురిశాం. తగ్గింది మాత్రం అమ్మ కంచంలో.

నాయనమ్మ గుప్పెడు వండకముందే తీసేది కనుక ఆ లోటు ఇంటిల్లిపాదికీ సమానం. ఒక్కొక్కరికీ నాలుగు మెతుకులు తగ్గితే ఎవరికీ తెలియదు. కుండ అటకెక్కాక దానం ఆగలేదు, దాన్ని తీసే చోటు మారింది. అందరూ తిన్నాక మిగిలినదాంట్లోంచి తీస్తే అది వండిన చేతి వాటాలోంచే వస్తుంది. యూదు మామ్మగారి ముద్ద కూడా రొట్టెలు ఇంకా రొట్టెలు కాకముందే తీసింది కదా! ఇది పెద్దాయనది, ఇది పిల్లలది అని పేర్లు పడకముందే. ఆ నియమం పెట్టినవారి ఉద్దేశం దేవుడికెరుక. నాకు మాత్రం అందులో వండేదాన్ని కాపాడే కిటుకు కనబడింది.

ఈ మాట మీద ఎక్కువ గర్వపడకుండా అదే వారం నాకు శాస్తి జరిగింది. తిరిగి వెళ్ళేటప్పుడు రేకులు కొందామని మాకు చిన్నప్పట్నించీ తెలిసిన అక్క ఇంటికి వెళ్ళాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి కుండమీద ఒక్క లాగు లాగితే, కళ్ళు మూసి తెరిచేలోగా కాగితంలాంటి రేకు. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు ఊరికి దక్కింది. సెగ మాత్రం ఆ చేతికే.

పది పెట్టెలు తీసుకుని, అలవాటుకొద్దీ “ఓ వంద తగ్గించక్కా” అన్నాను.

“మీరడిగితే కాదంటానా అమ్మాయిగారూ” అని తగ్గించింది. తర్వాత నవ్వుతూనే అంది: “నెయ్యి కొట్టువాడు తగ్గించడండీ. బెల్లం వాడూ తగ్గించడు. తగ్గేది నా కూలేనండి, ఆయ్!”

అమ్మ మాటే మళ్ళీ విన్నట్టయింది. ‘నాది ఉందిగా.’ నోట్లు చేతిలో ఉన్నాయి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ వంద తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. “ఇచ్చిన మాట ఇచ్చినట్టేనండీ” అంది. నా ఉదారబుద్ధి తీర్చుకోవడానికి ఆమె మర్యాదని మళ్ళీ తగ్గించడం దేనికని ఊరుకున్నాను. మరుసటి నెల కబురుపెట్టి తెప్పించుకున్నప్పుడు బేరమాడలేదు. అది ప్రాయశ్చిత్తమని నేననను. అడగాల్సిన ధర అడిగింది, ఇవ్వాల్సింది ఇచ్చాను.

ఇంటికొచ్చాక కుక్కరు పెట్టేముందు ఒక గుప్పెడు బియ్యం పాత హార్లిక్స్ సీసాలో పోస్తున్నాను. మావారు చూసి, “ఏమిటి, కరువొస్తోందా?” అన్నారు. సంగతంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. రాత్రి భోజనాలప్పుడు మాత్రం, నేను వడ్డిస్తుంటే చెయ్యి అడ్డంపెట్టి, “ముందు నీ కంచం పెట్టుకో” అన్నారు.

సీసా ఇంకా నిండలేదు. మొన్న అమ్మకి ఫోను చేసి ఈ మాటా చెప్పాను. “అటకమీద కుండ అలాగే ఉందే, పట్టుకెళ్ళు” అంది.