పార్కు అని రాసిన ఐదు సెంట్లు



మనవారు ఉద్యోగరీత్యా పరాయి ఊరికి వచ్చినప్పుడు మొదట వెదకేది మన భాషలో ఆరాధన జరిగే చోటు. నాలుగేండ్లు గడిచి పిల్లలు అక్కడి బడిలో కుదురుకున్నాక వెదకేది మూడు సెంట్ల స్థలం. ఈ రెండవ వెదకులాటను గురించి మన పత్రికలో ఎవరూ పెద్దగా వ్రాయలేదు. స్థలం కొనడం సొంత విషయం, దానిలో తప్పొప్పులు దస్తావేజు సరిగా ఉన్నదా లేదా అన్నంతవరకే అని మన ఆలోచన. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

బ్యాంకు ఉద్యోగం మీద నేను 1993లో కోవిల్పట్టికి వచ్చాను. 1996లో ఊరి వెలుపల ఒక లేఔట్‌లో ప్లాటు కొన్నాను. అది నల్లరేగడి నేల. అక్కడివారు దానిని కరిసల్ అంటారు. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, గోడలు పగుళ్ళిస్తాయి. అందుకే ధర తక్కువ. అమ్మినాయన మాకు చూపిన నక్షాలో వీధులు, ప్లాటు నంబర్లు, ఒక మూలన పచ్చరంగు వేసి ‘పార్కు’ అని ఉన్నాయి. పంచాయతీ అప్రూవల్ అని ముద్ర కూడా ఉంది. పంచాయతీ ముద్ర వేరు, పట్టణ ప్రణాళిక శాఖ అనుమతి వేరు అని బ్యాంకులో పనిచేసే నాకు తెలియనిది కాదు. ధర చూసి ఊరుకున్నాను.

2003లో ఆ అమ్మకందారు మన సహవాసం వారి దగ్గరకు వచ్చాడు. అప్పటికి మేము పదిహేడు కుటుంబాలము, ఒక సహోదరుని ఇంటి మిద్దె మీద కూడుకొనేవారము. ఆ పచ్చరంగు మూలలో ఐదు సెంట్లు ప్రార్థన మందిరానికి సగం ధరకే ఇస్తానన్నాడు. మాకు అది ప్రార్థనకు జవాబు అనే తోచింది. కూటమి పెట్టుకున్నాము. పార్కు అన్న పేరే గాని అక్కడ సర్కారు తుమ్మ తప్ప ఏమున్నది అని ఒకరు. మందిరము కూడా పదిమందికి పనికివచ్చేదే గదా అని మరొకరు. ఆయన భూమి, ఆయన ఇష్టం అని నేను. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో డబ్బాలు అంటించే ఒక పెద్దమ్మ మాత్రం లేచి, “ఏమయ్యా, ఆ పార్కు బొమ్మ చూపించేగదా మనకాడ డబ్బు తీసుకున్నాడు? ఒకసారి అమ్మినదాన్ని మళ్ళీ మనకే అమ్ముతాడా?” అన్నది.

ఆమె మాటతో కూటమి ఆగిపోయింది. మేము ఆ స్థలం తీసుకోలేదు. ఆ తరువాత సంగతి చివర చెప్తాను. ముందు ఆ ప్రశ్నను కొంచెం విప్పి చూద్దాము.

ఒక ఊరు రాబోయే ఇరవై ఏండ్లకు తన నేలను ఎట్లా వాడుకోవాలో ముందే వ్రాసి పెట్టుకొనడాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. ఇది మనకు కొత్తది కాదు. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం అప్పటి రాజధానిలోని తెలుగు జిల్లాలకూ తమిళ జిల్లాలకూ ఒకటే. దాని స్థానంలో తమిళనాడులో 1971లో మరొక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇండ్లు ఎక్కడ, ఫ్యాక్టరీలు ఎక్కడ, సేద్యం ఎక్కడ అని గుర్తించి, ముసాయిదా ప్రకటించి, ప్రజల అభ్యంతరాలు విని ఖాయం చేయాలి. పెద్ద లేఔట్‌కు అనుమతి కావాలంటే పదింట ఒక వంతు స్థలం ఉమ్మడి అవసరాలకు విడిచి స్థానిక సంస్థకు దానపత్రం వ్రాసి ఇవ్వాలి. అనుమతి లేని లేఔట్లలో ఆ దానపత్రం ఉండదు, పచ్చరంగు మాత్రమే ఉంటుంది.

ఇట్లాంటి లేఔట్లు ఎన్ని వచ్చాయంటే, చివరకు మద్రాసు హైకోర్టు 2016 సెప్టెంబరులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషనునే ఆపింది. మరుసటి ఏడు ప్రభుత్వం రుసుము తీసుకొని 2016 అక్టోబరు 20 నాటికి ఉన్నవాటిని క్రమబద్ధం చేసే నిబంధనలు తెచ్చింది. తెలంగాణలో 2020 నాటి ఎల్.ఆర్.ఎస్. కూడా ఇదే బాట. రుసుము కట్టినవారికి కాగితం వచ్చింది. పోయిన పార్కు ఏ రుసుముతోనూ రాదు.

‘ఖాళీ’ అన్న మాటలోనే మోసమున్నదని నాకు ఇప్పుడు తోస్తున్నది. విరుదునగర్ జిల్లాలో శివకాశి వైపు పోతే బాణసంచా ఫ్యాక్టరీల షెడ్ల మధ్య ఖాళీ నేల కనబడుతుంది. ఒక షెడ్డులో నిప్పు పుడితే పక్కదానికి అంటకుండా విడిచిన దూరం అది. 2012 సెప్టెంబరులో ముదలిపట్టిలో జరిగిన పేలుడులో సుమారు 40 మంది పోయారు. ఆ దూరం ఎందుకో అప్పుడు అందరికీ గుర్తుకు వచ్చింది. అట్లాగే చెరువు. ఈ ప్రాంతంలో కణ్మాయి అంటారు. ఒకదాని కలుజు దాటిన నీరు కిందిదానికి, దానినుండి ఆ కిందిదానికి పోయేటట్లు గొలుసుగా కట్టారు. ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండి, మేకలు మేసే బీడువలె కనబడుతుంది. ఆ తొమ్మిది నెలలలోనే దానిని కొలిచి రాళ్ళు పాతుతారు. మిగిలిన మూడు నెలల సంగతి 2023 డిసెంబరు 17, 18 తేదీలలో చూశాము. తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్ల వాన పడింది. చెరువులు తెగి ఊళ్ళు మునిగాయి. అంత వానకు ఏ ప్రణాళికా సరిపోదు, నిజమే. కాని నీరు పోవలసిన దారిలో గోడ ఉన్న చోటికీ లేని చోటికీ తేడా ఆ రోజున ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

(పోరంబోకు అన్న మాట చూడండి. తమిళంలోనూ మన భాషలోనూ శిస్తు లెక్కకు బయట ఉన్న ఉమ్మడి నేలకు అదే పేరు; రెండు చోట్లా అది తిట్టు కూడా. శిస్తు కట్టనిది దేనికీ పనికిరానిది అని రెవెన్యూ కచేరీ అనుకున్నదానిని మనము నోటికి కూడా ఎక్కించుకున్నాము.)

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. తప్పించుకోకుండా దానికి జవాబు చెప్పాలి. ఇంకా పుట్టనివారి కొరకు నేలను దాచిపెట్టి, పుట్టి తలదాచుకొన చోటులేని కూలివానిని కాదంటారా? మన సంఘాలలోనే చెరువు అంచున గుడిసెలు వేసుకున్నవారు ఉన్నారు. అనుమతి ఉన్న ప్లాటు కొనే స్తోమత వారికి లేదు. 2007లో తమిళనాడు చెరువుల రక్షణకు, ఆక్రమణల తొలగింపుకు చట్టం చేసింది. 2011లో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పులు న్యాయమైనవే. అమలుకు వచ్చినప్పుడు మాత్రం బుల్డోజరు మొదట వెళ్ళేది గుడిసెల దగ్గరకే. చెన్నైలో వళ్ళువర్ కోట్టం నుంగంబాక్కం చెరువు ఉన్న చోట 1976లో లేచింది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు పేరులో మాత్రమే ట్యాంకు. వాటి జోలికి ఎవరూ పోలేదు.

గనుక పుట్టనివారికీ పేదవారికీ మధ్య తగవు అని చెప్పేవారి మాట నేను పూర్తిగా నమ్మను. ఊరి మధ్యలో ధర పెరగాలని కొని ముళ్ళకంచె వేసి ఉంచిన ప్లాట్లు ఎన్ని లేవు? వాటిలో మనవారివీ ఉన్నాయి. ఉన్నవాడు ఊరి లోపల నేలను దాచిపెడితే, లేనివాడు చెరువులోకి నెట్టబడతాడు. ఆ తరువాత వానివల్లనే చెరువు చెడిపోయిందని మనమే అంటాము.

రాబోయేవారికి ఏమి కావాలో మనకెట్లా తెలుసు అని కూడా అడుగుతారు. కోవిల్పట్టిలో 1901లో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం పెట్టినవారికి ఈ ఊరు అగ్గిపెట్టెలకూ, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పల్లీపట్టీలకూ పేరుపడుతుందని తెలియదు. విరుదునగర్ జిల్లా ఈ.కుమారలింగపురంలో సుమారు 1,050 ఎకరాలలో జౌళి పార్కు వస్తుందని 2023కు ముందు అనుకున్నవారూ అరుదే. దానివలన మన పిల్లలకు పని దొరికితే సంతోషమే. తెలియదు గనుకనే కొంత నేలను తేల్చకుండా విడువాలని నా అభిప్రాయం. వారికి ఏమి కావాలో ఊహించడం మన పని కాదు. తేల్చుకొనే చోటు మిగల్చడం వరకే మన చేతిలో ఉంది. నీటి విషయంలో మాత్రం ఊహించనక్కరలేదు. కోవిల్పట్టి ఇప్పటికే శీవలప్పేరి నుండి గొట్టాలలో వచ్చే తామ్రపర్ణి నీటి మీద బ్రతుకుతున్నది.

లేవీయుల 48 పట్టణాల చుట్టూ ఎన్ని మూరల నేల విడువవలెనో సంఖ్యాకాండము 35వ అధ్యాయంలో కొలిచి చెప్పబడి ఉన్నది మీరెరుగుదురు. లేవీయకాండము 25లో ఇండ్లు అమ్ముకొని విడిపించుకొనే విధి ఉన్నది. చుట్టూ ఉన్న ఆ నేలకు మాత్రం అమ్మకమే లేదు. మేము ఈ భాగాలను ఎన్నోసార్లు చదివాము. ఆ రోజు కూటమిలో మాకెవరికీ జ్ఞాపకం రాలేదు.

ఈ కరిసల్ నేలకు మనకన్న ముందే తెలుగువారు వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ వందల ఏండ్లుగా ఉన్నాయి. వారి రాకనే ఇడైసెవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా వ్రాశారు. ఆయన 2021లో గతించారు. వచ్చినవారికి చోటు మిగిలి ఉన్నది గనుక నిలిచారు. నిన్న వచ్చినవాడు రేపు రాబోయేవాని చోటు మీద తీర్పరి అవుతాడు. మా పదిహేడు కుటుంబాలు ఆ కూటమిలో చేసింది సరిగ్గా అదే పని, తెలియకుండానే.

ఇక మిగిలిన కథ. మేము వద్దన్న ఐదు సెంట్లు, వాటితో పాటు ఆ పచ్చరంగంతా, రెండేండ్లలో ఇంకొకరు కొన్నారు. ఇప్పుడు అక్కడ గోదాము ఉంది. మా వీధి పిల్లలు రోడ్డు మీద ఆడుకొని పెరిగారు. లారీలు వచ్చినప్పుడు బ్యాటు చంకన పెట్టుకొని గోడకు అంటుకొని నిలబడేవారు. మేము పూర్తి ధర పెట్టి రెండు ప్లాట్లు కొని మందిరము కట్టుకొనేటప్పటికి 2010 అయింది.

ప్రతిష్ఠ కూటము నాడు భోజనాల దగ్గర ఆ పెద్దమ్మ నా పక్కన కూర్చున్నది. ఆ రోజు మనము మంచి పని చేశామమ్మా, పాపపు నేల మీద మందిరము కట్టలేదు అన్నాను. ఆమె గోదాము వైపు చూసి, “కట్టలేదులే అయ్యా. బ్యాంకులో ఊరందరికీ అర్జీలు రాసిస్తావు గదా, కలెక్టరు ఆఫీసుకు అప్పుడే ఒక అర్జీ రాసి ఉండరాదా?” అని, సాంబారు గిన్నె నా వైపు జరిపింది.