ఆటలోను మాటలోను సహవాసము

ధ్యానమునకు వాక్యభాగములు: జెకర్యా 8:4-5, అపొస్తలుల కార్యములు 15:1-35, సామెతలు 27:17



ఈ నెల మనము ధ్యానింపబోవు సంగతి కొందరికి వింతగా తోచవచ్చును. స్నేహితులు కలిసి ఆడుకొను ఆటలను గూర్చియు, కలిసి కూర్చుండి చేయు వాదములను గూర్చియు మాటలాడబోవుచున్నాను. "అయ్యగారూ, ప్రార్థనను గూర్చి చెప్పండి, ఉపవాసమును గూర్చి చెప్పండి. బంతి ఆటను గూర్చి చెప్పుటకు బైబిలు ఎందుకండీ?" అని సంఘపెద్దలలో ఒకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాబట్టి ముందుగా వాక్యము నొద్దకే పోవుదము.

జెకర్యా ప్రవక్త కాలములో యెరూషలేము ఎట్లుండెను? ప్రజలు బబులోను చెరనుండి తిరిగివచ్చిరి గాని పట్టణము ఇంకను పాడుగానే యుండెను. ప్రాకారములు లేవు, పంటలు చాలవు, ప్రక్కవారితో భయము. అట్టి ప్రజలకు దేవుడు రాబోవు మంచి దినములను చూపించుచు ఏ గురుతు ఇచ్చెను? ముసలివారు చేతికఱ్ఱలు పట్టుకొని వీధులలో నెమ్మదిగా కూర్చుందురనియు, మగపిల్లలు ఆడపిల్లలు ఆ వీధుల నిండ ఆడుకొందురనియు చెప్పెను. దేవాలయమును గూర్చి ఎంతో చెప్పిన ప్రవక్తయే పిల్లల ఆటను గూర్చియు చెప్పెనని గమనించుడి.

ఊరిలో ఆట ఎప్పుడు ఆగిపోవును? ఆకలి వచ్చినప్పుడు ఆగును. వ్యాధి వచ్చినప్పుడు ఆగును. పగ పుట్టినప్పుడు తప్పక ఆగును. "ఆ వీధివాళ్లతో ఆడవద్దు" అని తల్లి బిడ్డకు చెప్పిన దినమున ఆ ఊరికి చెర వచ్చినట్లే. సాయంకాలము అరుగు మీద తాతలు, వీధిలో బిళ్లంగోడు ఆడు మనుమలు కనబడిరంటే, అక్కడ దేవుని సమాధానము కొంతయైనను నిలిచియున్నది.

1. ఆట మనలను ఒకరికొకరిని అప్పగించును

అపొస్తలుడైన పౌలు కొరింథులో ఏడాదిన్నర కాపురముండెను. ఆ పట్టణమునకు దగ్గరనే రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెను. గెలిచినవానికి బంగారము కాదు, ఆకులతో అల్లిన కిరీటము పెట్టుచుండిరి. అది కొద్ది దినములకే వాడిపోవును. పౌలు ఆ పందెములను నిందించి విడిచిపెట్టలేదు. వాటిలోని పరుగును, క్రమశిక్షణను తీసికొని, వాడిపోని కిరీటమును గూర్చి సంఘమునకు బోధించెను (1 కొరింథీ. 9:24-27). నియమము ప్రకారము ఆడనివానికి కిరీటము లేదని తిమోతికి కూడ వ్రాసెను (2 తిమోతి 2:5). శరీర సాధకము వలన కలుగు ప్రయోజనము కొంచెమే అని ఆయన చెప్పిన మాట నిజమే (1 తిమోతి 4:8). కొంచెమని చెప్పెను గాని లేదని చెప్పలేదు.

మన చెడుగుడునే చూడుడి. కూతకు వెళ్లినవాడు ఒంటరిగా గీత దాటి శత్రువుల నడుమకు పోవును. ఊపిరి బిగబట్టి కూత విడువకుండ తిరిగి గీతను తాకవలెను. పట్టుబడెనా, చచ్చినట్లే లెక్క, బయట కూర్చుండవలెను. అయితే ఆట అంతటితో వానికి ముగియదు. తన జట్టులోని మరియొకడు ఎదుటివానిని ఓడించిన క్షణమున, బయట కూర్చున్నవాడు లేచి మరల బరిలోనికి వచ్చును. వాడు తన బలముచేత లేవలేదు, సహోదరుని ప్రయాసచేత లేచెను. ఒకని భారములు ఒకడు భరింపవలెనను గలతీయుల పత్రికలోని బోధ (6:2) మన పిల్లలకు ఇంతకంటె తేటగా ఎక్కడ అర్థమగును?

వాలీబాల్ కూడ అట్టిదే. ఈ ఆటను 1895లో అమెరికా దేశములోని హోలియోక్ అను ఊరిలో, క్రైస్తవ యువజనుల సంఘమైన వై.ఎం.సి.ఏ.లో పనిచేసిన విలియం మోర్గన్ అను ఆయన కనిపెట్టెను. ఆ సంఘమే 1920లో మద్రాసులో వ్యాయామ విద్యకు ఒక కళాశాల స్థాపించెను. ఈ ఆటలో వలకు అవతలి బంతిని అడ్డుకొను వేళ తప్ప, ఒకడే వరుసగా రెండుసార్లు బంతిని కొట్టకూడదు. ఎంత మొనగాడైనను తన తోటివానికి ఎత్తి అందింపవలసినదే. అంతా నేనే చేయుదునను గర్వమునకు అందులో చోటు లేదు.

నేనెరిగిన ఒక పల్లె సంఘములో రెండు కుటుంబములకు పొలము గట్టు విషయమై తగవు వచ్చెను. వ్యాజ్యము కోర్టుకెక్కెను. నాలుగేండ్లు ఒకరి గుమ్మము ఒకరు త్రొక్కలేదు. ప్రభురాత్రి భోజనమునకు ఒక కుటుంబము వచ్చిన నెల రెండవ కుటుంబము రాదు. పెద్దలు చెప్పిరి, బోధకులు చెప్పిరి, ఫలము లేకపోయెను. అయితే ఆ ఊరిలో ఆడు కుర్రవాండ్రు తక్కువ. రెండు ఇండ్ల కుమారులు ఒకే జట్టులో ఆడకతప్పలేదు. మొదట ఒకనికొకడు బంతి అందింపకయే ఆడిరి, ఓడిపోవుచు వచ్చిరి. ఓడి ఓడి విసిగి అందించుట నేర్చుకొనిరి. ఒక సాయంకాలము వారిలో ఒకని చీలమండ బెణికి నడువలేకపోగా, రెండవవాడు వానిని వీపుమీద మోసికొని వాని ఇంటి గుమ్మములోనికే తీసికొనిపోయెను. ఆ తల్లి ఒక్క నిమిషము మాటలేక నిలిచి, తరువాత లోపలికి పోయి ఇద్దరికిని రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చెను. అంతే జరిగినది. వ్యాజ్యము ఇంకను తెగలేదు. గాని తరువాతి నెల ప్రభువు బల్లకు రెండు కుటుంబములును వచ్చిరి. గట్టు సంగతి న్యాయాధిపతి తీర్చును. గుమ్మము సంగతి మాత్రము ఆ మజ్జిగతోనే తీరినది.

2. ఆటకును హద్దు ఉన్నది

గీత లేని చెడుగుడు లేదు. హద్దు లేని ఆట క్రైస్తవునిది కాదు. ఆటలో డబ్బు పెట్టిన వెంటనే స్నేహితుడు ఇరగా మారును, ఏలయనగా అతడు నష్టపడితేనే గదా నాకు లాభము! పూర్వము పేకముక్కలు చెట్టుక్రింద కనబడెడివి, ఇప్పుడు అవి ఫోనులోనికి దూరి దుప్పటి క్రిందకు వచ్చినవి. డబ్బుతో ఆడు ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించుచు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోను శాసనము చేయవలసివచ్చెననగా ఈ వ్యాధి ఎంత ముదిరినదో గ్రహించుడి. తల్లులారా, తండ్రులారా, బిడ్డను "ఆడవద్దు" అని గదిలో కూర్చుండబెట్టిన ఆట మానునని అనుకొనకుడి. బయట నలుగురితో ఆడవలసినవాడు లోపల ఒంటరిగా ఆడును, అంతే భేదము.

ఆదివారపు సంగతి ఏమిటి? ఇక్కడ ఒక భక్తుని జీవితము మనకు వెలుగునిచ్చును. స్కాట్లండు దేశస్థుడైన ఎరిక్ లిడెల్ 1924లో పారిస్ ఒలింపిక్ పోటీలలో నూరు మీటర్ల పరుగుకు సిద్ధపడెను. మొదటి పందెము ఆదివారమున పడుటవలన ఆయన దానిలో పరుగెత్తలేదు. వేరు దినమున జరిగిన 400 మీటర్ల పరుగులో 47.6 సెకండ్లకు గమ్యము చేరి బంగారు పతకము పొందెను. మరుసటి సంవత్సరము కీర్తిని విడిచి చైనాకు మిషనెరీగా వెళ్లెను. 1943లో జపాను సైన్యమువారు ఆయనను అనేకులతో కూడ వెయ్‌షెన్ శిబిరములో నిర్బంధించిరి. ఆ శిబిరములోని పిల్లలకు ఆయన బోధించెను, ఆటలు ఏర్పాటు చేసెను. అయితే ఆదివారము ఆటలుండకూడదని ఆయన అభిప్రాయము. ఒక ఆదివారమున యౌవనస్థులు తమంతట తాము హాకీ ఆడి, తీర్పరి లేనందున కొట్లాడుకొనిరి. అది విని లిడెల్ తరువాతి ఆదివారమున తానే తీర్పరిగా నిలిచెను. 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించెను.

సహోదరులారా, తన ఘనత కొరకు ఆదివారమున పరుగెత్తనొల్లని మనుష్యుడు, పిల్లల సమాధానము కొరకు ఆదివారమున మైదానములో నిలిచెను. ఇందువలన ఆదివారమున ఆటలు పెట్టుకొనుడని నేను చెప్పుటలేదు. ఆరాధన దినమును మనము ఆరాధనకే ఉంచుకొందము. గాని నియమమును గట్టిగా పట్టుకొనుట ఎప్పుడో, దానికంటె ప్రేమను ముందు పెట్టుట ఎప్పుడో ఎరుగుటకు అట్టి హృదయము కావలెను.

3. మంచి వాదము సంఘమును కట్టును

కత్తికి సానపట్టవలెనన్న దూదితో పట్టలేము. ఇనుము ఇనుముతో రాపిడి పడవలెను, నిప్పురవ్వలు లేవవలెను. స్నేహితుడు స్నేహితుని బుద్ధిని అట్లే పదును చేయునని సొలొమోను జ్ఞానము (సామెతలు 27:17). నేను ఏది చెప్పినను "అవునండి, అవునండి" అను స్నేహితుడు నాకు సుఖము, గాని పదును కాదు.

ఆదిసంఘములో గొప్ప వాదము పుట్టెను. అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందవలెనా, అక్కరలేదా? ఇది చిన్న సంగతి కాదు. తీర్పు వేరుగా ఉండినయెడల, తెలుగు పల్లెలలోని మనము ఈ దినమున ఏ వాకిట నిలిచియుందుమో ఆలోచించుడి. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో వారు ఏమి చేసిరో చూడుడి. చాటున గుసగుసలాడక అందరి యెదుటికి సంగతి తెచ్చిరి. బహుగా తర్కించిరి. పేతురు మాటలాడిన తరువాత సమూహమంతయు ఊరకుండి బర్నబా పౌలులు చెప్పినది వినెను. యాకోబు ప్రవక్తల లేఖనమును చూపి తన అభిప్రాయమును చెప్పెను. చివరకు అందరు ఏకమనస్కులై ఉత్తరము వ్రాసి పంపగా, అంతియొకయ సంఘము చదివి సంతోషించెను. తర్కముతో మొదలైనది సంతోషముతో ముగిసెను. నడుమ నున్నది ఏమి? వినుట.

మన దేశపు సంఘచరిత్రలోను ఇట్టిదే యున్నది. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు వేర్వేరు సంఘములనుండి కూడివచ్చి, మనము ఏల చీలియుండవలెనని యోచించిరి. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు వి. యస్. అజరయ్యగారు. ఆయన అంతకుముందు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యౌవనస్థుల మధ్య ఏండ్ల తరబడి పనిచేసినవారు. అక్కడ మొదలైన చర్చ బిషప్పుల అధికారమును గూర్చియు, సంస్కారములను గూర్చియు 28 సంవత్సరములు సాగెను. ఎన్ని సభలు, ఎన్ని అభ్యంతరములు! అజరయ్యగారు 1945 జనవరి 1న ఫలము చూడకయే పరమపదించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఇరువది యెనిమిదేండ్లు వాదించుకొనుచు కూడ ఒకరి నొకరు విడిచిపెట్టనివారే ఐక్యతను చూడగలిగిరి. మనమో, ఒక కమిటీ సమావేశములో మాట పడగానే మరుసటి ఆదివారము వేరొక ప్రార్థన ఇల్లు వెదకుకొందుము!

వాదము వేరు, జగడము వేరు. వాదములో సత్యము గెలువవలెనని కోరుదుము, జగడములో నేను గెలువవలెనని కోరుదును. ప్రభువు దాసుడు జగడమాడక సాత్వికముతో నేర్పవలెనని పౌలు తిమోతిని హెచ్చరించెను (2 తిమోతి 2:23-25). పౌలు బర్నబాలకే మార్కును గూర్చి తీవ్రమైన భేదము వచ్చి వారు వేరైరి. అయినను కాలము గడచిన తరువాత ఆ మార్కే తన సేవకు ప్రయోజనకరుడని పౌలు వ్రాసెను (2 తిమోతి 4:11). తెగిన త్రాడును మరల ముడివేయు దేవుడు మనకున్నాడు.

మనము ఏమి చేయుదము?

శనివారము సాయంకాలము గుడి ఆవరణను యౌవనస్థులకు తెరువుడి. జట్లను వీధుల చొప్పున గాని బంధుత్వము చొప్పున గాని విడదీయక, పేర్లు చీట్లు వేసి కలుపుడి. ఆడపిల్లలకును ఆటస్థలము, ఆటవేళ ఉండనిండు. జెకర్యా వారిని మరువలేదు. పొరుగున నున్న హిందూ, మహమ్మదీయ కుర్రవాండ్రు వచ్చినయెడల సంతోషముతో చేర్చుకొనుడి. డబ్బు పందెము మాత్రము గడప దాటి రాకూడదు.

ఆట ముగిసిన తరువాత కాళ్లు చేతులు కడుగుకొని ఒక గంట కూర్చుండుడి. ఒక ప్రశ్న పెట్టుకొనుడి. "కాలువకు నీళ్లు వదలిన వారమున ఆదివారము నాట్లు వేయవచ్చునా?" "1961లోనే చట్టము నిషేధించిన కట్నమును పుచ్చుకొను పెండ్లికి సంఘము దీవెన ఇయ్యవచ్చునా?" ఇవి పుస్తకపు ప్రశ్నలు కావు, మీ ఇండ్లలోని ప్రశ్నలు. ఒక నియమము పెట్టుకొనుడి: ఎదుటివాని మాటకు జవాబు చెప్పకముందు, అతడు చెప్పినదానిని మీ నోట మరల చెప్పవలెను. "అవును, నేను చెప్పినది అదే" అని అతడు ఒప్పుకొనిన తరువాతనే మీ వంతు. ఈ ఒక్క నియమము సగము కోపమును అణచును. పెద్దలు కూర్చుండి వినుడి, వెంటనే తీర్పు చెప్పకుడి. పన్నెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి ప్రశ్నలడిగినప్పుడు (లూకా 2:46) ఆ వృద్ధులు ఆయనను వెళ్లగొట్టలేదు గదా.

అయితే బంతి ఆట పాపక్షమాపణ ఇయ్యదు, వాదము హృదయమును మార్చదు. మన ప్రభువు పన్నిద్దరిని పిలిచినప్పుడు సుంకము వసూలుచేసిన మత్తయిని, జెలోతే అనబడిన సీమోనును ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టెను. లోకరీతిగా చూచిన వారు ఒకరి ముఖము ఒకరు చూడతగినవారు కారు. ఆయన వారిని దాసులని పిలువక స్నేహితులని పిలిచెను (యోహాను 15:15). నడిమి గోడ ఆయన సిలువవలన కూలినది (ఎఫెసీ. 2:14). ఆటస్థలమును రచ్చబండయు ఆ కూలిన గోడమీదుగా మనము నడచి అలవాటుపడు చోట్లు మాత్రమే. నడువకపోయినచో అక్కడ ముళ్లచెట్లు మొలచి మరల గోడవలె నిలుచును.

ఈ నెల మీరు ఎవరితో మాటలాడుట మానితిరో, వారి బిడ్డను మీ బిడ్డతో ఆడుకొనుటకు పిలువుడి. మిగిలినది ప్రభువు చూచుకొనును.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మమ్మును ఒకే కుటుంబముగా పిలిచినందుకు స్తోత్రములు. మా వీధులను పిల్లల నవ్వుతో నింపుము. మా నోటికి సత్యమును, మా చెవులకు ఓర్పును అనుగ్రహించుము. బయట కూర్చున్న సహోదరుని మరల బరిలోనికి తెచ్చు ప్రేమను మాకు దయచేయుము. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.